గుమ్మడి తీగకు ఏమైంది? మందు డబ్బా తెరిచే ముందు చూడాల్సినవి

క్లుప్తంగా: దక్షిణ తెలంగాణ పెరళ్లలో గుమ్మడి తీగ వాలిపోవడం, పసుపెక్కడం, పిందె రాల్చడం ఏటా కనిపించేవే. ఒకే లక్షణం వెనక పురుగు, తెగులు, వైరస్, నీళ్లు, పూత లోపం వీటిలో ఏదైనా ఉండవచ్చు. జబ్బు ఏ ఆకుతో, ఏ పూట, తీగలో ఎక్కడ మొదలైందో చూస్తే చాలావరకు కారణం దొరుకుతుంది. చాలా సందర్భాల్లో దానికి మందు అవసరమే ఉండదు.

మిర్గం వానలకు గుంతలో నాలుగు గింజలు పెడితే దసరా నాటికి తీగ దడి దాటి కొట్టం మీదికి ఎక్కుతుంది. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల ఊళ్లలో ఇంటి గుమ్మడికి ఇంతకు మించి సేవ చేసేవాళ్లు తక్కువ. పట్టణాల్లో మిద్దె తోటలు పెరిగాక అదే గింజ గ్రో బ్యాగుల్లోకీ వచ్చింది. పట్టించుకోకపోయినా కాసే తీగ అన్న పేరుంది కాబట్టే, అది జబ్బు పడితే ఏం చేయాలో తోచదు.

ఫోటో తీసి నలుగురికి పంపితే నాలుగు జవాబులు వస్తాయి. ఒకరు బూజు అంటారు, ఒకరు వైరస్ అంటారు, మరొకరు యూరియా వేయమంటారు. దుకాణంలో అడిగితే పురుగుమందు, తెగులు మందు, టానిక్ మూడూ కలిపి ఒకే ట్యాంకులో కొట్టమనే సలహా దొరుకుతుంది. వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. పసుపెక్కిన ఒక ఆకు ఫోటో చూస్తే ఈ జవాబులన్నీ సాధ్యమే అనిపిస్తాయి. కానీ ఫోటోలో కనిపించేది ఆకు పైభాగం మాత్రమే. గుమ్మడి జబ్బుల ఆనవాళ్లు ఎక్కువగా ఆకు అడుగున, తీగ మొదట్లో, మట్టిలో ఉంటాయి.

వీడియోలతో ఇంకో తికమక. తీగ వాలిందని వెతికితే ముందుగా వచ్చేవి అమెరికా తోటల వీడియోలు. వాటిలో కాండం చీల్చి లోపలి తెల్లటి పురుగును బయటికి తీసి చూపిస్తారు. ఆ కాండం తొలిచే పురుగు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలది, మన దగ్గర లేదు. అది చూసి బాగున్న తీగను బ్లేడుతో చీల్చితే లేని జబ్బును కొనితెచ్చుకున్నట్టే.

పాత ఆకా, కొత్త ఆకా

గుమ్మడి తీగలో మొదలు దగ్గరి ఆకులు పాతవి, కొస దగ్గరివి కొత్తవి. నత్రజని, మెగ్నీషియం చాలనప్పుడు మొక్క వాటిని పాత ఆకుల్లోంచి లాగి కొసకు పంపుకుంటుంది. అందుకే ఆ కొరత మొదలు దగ్గరి ఆకుల్లో బయటపడుతుంది. ఇనుమును అలా కదిలించలేదు కాబట్టి ఇనుము లోపం కొస ఆకుల్లోనే కనిపిస్తుంది. వైరస్ కూడా పెరిగే కొసకు చేరి లేత ఆకులను వికారం చేస్తుంది. బూడిద, బూజు లాంటి శిలీంధ్ర తెగుళ్లు గాలి ఆడని, నీడ పడే ముదురు ఆకులను ముందుగా పడతాయి.

రెండో ప్రశ్న, ఇంకెవరికి వచ్చింది అన్నది. ఒక్క పాదుకేనా, వరసగా అన్నింటికీనా, పక్కనున్న టమాట, చిక్కుడు కూడా అలాగే ఉన్నాయా? వేర్వేరు కుటుంబాల మొక్కలు ఒకే వారంలో ఒకేలా చెడితే అది తెగులు కావడం అరుదు. తెగులుకు ఇష్టమైన కుటుంబాలు ఉంటాయి. ఉప్పునీటికి, గడ్డిమందుకు ఆ పట్టింపు లేదు.

వాలిన తీగను తెల్లారగట్ల చూడాలి

ఎక్కువమందికి టెన్షన్ పెట్టే లక్షణం ఇదే. ఎక్కువగా పొరపడేదీ ఇక్కడే. గుమ్మడి ఆకు వెడల్పు ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని వేళ్లు అంత తొందరగా అందించలేవు. అప్పుడు ఆకు వాలుతుంది. వాలిన ఆకుకు ఎండ తక్కువ తగులుతుంది కాబట్టి అది మొక్కకు రక్షణే. సాయంత్రానికి మళ్లీ నిలబడుతుంది. ఇది జబ్బు కాదు. రోజూ మధ్యాహ్నం వాలిందని బిందెలకొద్దీ నీళ్లు పోస్తే మాత్రం నిజంగానే జబ్బు వస్తుంది. గాలి అందక వేళ్లు కుళ్లుతాయి.

కాబట్టి తీగను చూడాల్సిన వేళ తెల్లారగట్ల. అప్పటికి ఆకులు నిటారుగా ఉంటే వదిలేయవచ్చు. అప్పుడు కూడా వాలే ఉంటే మట్టిలోకి వేలు దింపి చూడాలి. పొడిగా ఉంటే నీళ్లు కావాలి. తడిగా ఉండి కూడా తీగ వాలిందంటే నీళ్లు పైకి ఎక్కడం లేదన్నమాట. తప్పు వేళ్లలోనో, మొదట్లోనో ఉంది. ఇక్కడి నుంచి ఆకులు చూసి లాభం లేదు. బాగా వాడిన ఒక తీగను త్యాగం చేసి వేళ్లతో సహా తవ్వి తీయాలి.

తీసిన వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, చేతి వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి లోపలి దారం మిగిలితే అది వేరుకుళ్లు. నల్లరేగడిలో, నీళ్లు నిలిచే గుంతల్లో, అడుగున రంధ్రం మూసుకుపోయిన బ్యాగుల్లో ఇదే ఎక్కువ. వేళ్లు బాగానే ఉండి, మొదలు దగ్గర కాండాన్ని ఏటవాలుగా కోస్తే లోపల గోధుమ గీతలు కనిపిస్తే ఎండు తెగులు అని అనుమానించాలి. శిలీంధ్రం నీటి నాళాల్లోనే కాపురం పెట్టి వాటిని మూసేస్తుంది. ఆ పాదు కోలుకోదు. అదే గుంతలో మళ్లీ గుమ్మడి, దోస, పుచ్చ లాంటివి పెట్టకపోవడమే చేయగలిగింది.

చెల్క, దుబ్బ నేలల్లో మూడో కారణం ఒకటుంది, దాన్ని గుర్తించేవాళ్లు తక్కువ. వేళ్ల మీద గుండ్రటి, సాగిన బుడిపెలు కనిపిస్తాయి. ఇవి వేరుబుడిపె నులిపురుగులు, నెమటోడ్లు. కంటికి కనిపించనంత చిన్న పురుగు వేరులోకి దూరి, అక్కడి కణాలు ఉబ్బేలా చేసి, ఆ ఉబ్బిన కణాల నుంచే తిండి లాక్కుంటుంది. ఇసుక పాళ్లు ఎక్కువున్న నేలలో వీటికి కదలిక సులువు. తీగ ఒక్కసారిగా చావదు. ఎదుగుదల ఆగి, ఆకులు చిన్నబడి, లేత పసుపుకు తిరిగి, ఎండ పూట అందరికంటే ముందు వాలుతుంది. అందుకే దీన్ని చూసి ఎరువు చాలలేదనుకుంటారు. వేసిన ఎరువును లోపలికి తీసుకునే వేరే దెబ్బతిన్నది కనుక ఎంత వేసినా లాభం ఉండదు.

కంది, పల్లి వేళ్ల మీద కూడా బుడిపెలుంటాయి కదా, అవి మంచివే కదా అన్న సందేహం సహజం. అవి నత్రజనిని పట్టే బొడిపెలు, పప్పుజాతి మొక్కలకు మాత్రమే వస్తాయి. వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీకితే ఊడివస్తాయి. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే అక్కడ ఉబ్బినది వేరు భాగమే. గుమ్మడి పప్పుజాతి కాదు కాబట్టి దాని వేరు మీద బుడిపె కనిపిస్తే అది మంచిది అయ్యే అవకాశం లేదు.

ఈ నులిపురుగులు వంకాయ, టమాట, బెండ వేళ్లలోనూ బతుకుతాయి. గుమ్మడి తీసి అక్కడే వంకాయ పెడితే పంట మారినట్టు కనిపిస్తుంది కానీ పురుగుకు పూట గడిచిపోతుంది. బంతి అలా కాదు. దాని వేళ్లలోని పదార్థాలు నులిపురుగులకు పడవు. బతుకమ్మ పూల కోసం ఈ జిల్లాల్లో బంతి ఎలాగూ వేస్తారు. దాన్ని దడి పక్కన ఒక వరసగా కాకుండా, గుమ్మడి చెడిన ఆ జాగాలోనే దగ్గర దగ్గరగా రెండు మూడు నెలలు పెంచితే ఫలితం ఉంటుంది. వేసవిలో మట్టిని తిరగేసి ఎండకు పెట్టడం, గుంతలో యాపపిండి కలపడం కూడా నులిపురుగుల సంఖ్యను తగ్గిస్తాయి. పూర్తిగా పోగొట్టే ఉపాయం మాత్రం లేదు.

తీగ వాలడానికి మిగిలిన కారణాలు రెండు. తవ్వినప్పుడు తీగ మొదట్లో సన్నటి తెల్లపురుగు తొలుచుకుంటూ కనిపిస్తే అది గుమ్మడి పెంకు పురుగు పిల్ల. మట్టి పూతలు, గుల్లబడిన కాండం కనిపిస్తే చెదలు. బాగా చివకని పెంట గుంతలో వేస్తే చెదలను పిలిచినట్టే.

వేరు సగం చెడిన తీగను కాపాడుకునే దారి ఒకటుంది. నేల మీద పాకే గుమ్మడి తీగకు ప్రతి కణుపు దగ్గరా వేరు పుట్టే గుణం ఉంది. మొదలుకు దూరంగా రెండు మూడు కణుపుల మీద తడి మట్టి కప్పి ఉంచితే అక్కడ కొత్త వేళ్లు దిగుతాయి. పందిరి ఎక్కించిన తీగకు ఈ అవకాశం ఉండదు, ఎక్కించే ముందే ఒక మూర తీగను నేల మీద పోనివ్వాలి.

తెల్లగా కనిపించేవన్నీ బూడిద తెగులు కాదు

మంచి గుమ్మడి రకాల్లో చాలావాటి ఆకుల మీద ఈనెలు కలిసే మూలల్లో వెండి రంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. ఆకు నడి ఈనెకు అటూ ఇటూ ఒక పద్ధతిగా, లేత ఆకు నుంచి ముదురాకు దాకా అన్నింటి మీదా కనిపిస్తాయి. వేలితో రుద్దితే పోవు. ఇది ఆ రకం లక్షణం. దీనికి మందు కొట్టినవాళ్లు తక్కువేమీ కాదు, కొట్టాక మచ్చ పోలేదని మందు మార్చినవాళ్లూ ఉన్నారు.

బూడిద తెగులు ముగ్గు పిండి చల్లినట్టు గుండ్రటి మచ్చలుగా మొదలై ఆకంతా పరుచుకుంటుంది. వేలికి అంటుతుంది. దీని పద్ధతి మిగతా శిలీంధ్రాలకు భిన్నం. విత్తనం లాంటి దాని రేణువు మొలకెత్తడానికి ఆకు తడిసి ఉండాల్సిన పనిలేదు, గాలిలో తేమ చాలు. జోరు వాన నిజానికి దాన్ని కడిగేస్తుంది. అందుకే వానలు వెనకబట్టి, రాత్రుళ్లు చల్లబడి, పగళ్లు పొడిగా ఉండే రోజుల్లో ఇది విజృంభిస్తుంది. ఆ వేళకు తీగ కాపు చివరికి వచ్చి ఉంటుంది. కాయలు ముదిరిన తీగ మీద బూడిద కనిపిస్తే మందు కొట్టి సాధించేది పెద్దగా లేదు. పూత దశలోనే వస్తే మాత్రం కింది ఆకులు నాలుగు తీసి గాలి ఆడనివ్వాలి. పల్చటి పాల పిచికారీ గురించి చెప్పేది పుక్కిటి మాట కాదు. 1999లో వెలువడిన బ్రెజిల్ పరిశోధనలో, గుమ్మడి కుటుంబానికే చెందిన జుకినీ మీద పది శాతం పాలు కలిపిన నీళ్లు వారం వారం కొడితే బూడిద తెగులు బాగా తగ్గింది. అది గ్రీన్‌హౌస్‌లో జరిగిన పని, ఆరుబయట అంత ఫలితం రాకపోవచ్చు.

మూడో తెలుపు, కొత్త ఆకులు వరసగా వెండి పూసినట్టు మెరవడం. తెల్లదోమ పిల్లలు ఆకు అడుగున రసం పీల్చడం వల్ల పైన పుట్టే ఆకులకు ఇలా అవుతుంది. ఆకు తిప్పి చూస్తే పొలుసుల్లా అతుక్కున్న పిల్లలు, కదిపితే లేచే తెల్లటి దోమలు ఉంటాయి. దోమ తగ్గితే తర్వాతి ఆకు మామూలుగానే వస్తుంది.

ఎండాకాలం పాదులో ఆకు సన్నటి చుక్కలతో పాలిపోయి, అడుగున సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఎర్రనల్లి. గట్టి పురుగుమందులు కొట్టిన చోట నల్లి పెరగడం మామూలే, దాన్ని తినే చిన్న ప్రాణులు ముందుగా చచ్చిపోతాయి.

పసుపు ఎక్కడ ఉంది: ఈనెలోనా, ఈనెల మధ్యా

మొదలు దగ్గరి ముదురాకులు మొత్తంగా లేత పసుపైతే వయసో, నత్రజని కొరతో. అదే ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం. కొస ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా, మధ్య పసుపుగా ఉంటే ఇనుము. నేలలో సున్నం ఎక్కువై, బోరు నీరు గట్టిదైన చోట ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందదు. ఇనుము మందు నేలలో పోసేకన్నా ఆకు మీద కొడితే త్వరగా పనిచేసేది అందుకే.

దీనికి సరిగ్గా తలకిందులైతే, అంటే ఈనెలే పసుపై మధ్యభాగం ఆకుపచ్చగా మిగిలితే, అది వైరస్. పల్లాకు తెగులు సోకిన బెండను చూసినవాళ్లు దీన్ని ఇట్టే పోల్చుకుంటారు. గుమ్మడిలో ఈ పసుపు ఈనెల వైరస్‌ను తెల్లదోమ తెస్తుంది. ఆకు ఉబ్బెత్తులు, ముదురు లేత ఆకుపచ్చ మచ్చలతో గిడసబారే వెర్రి తెగులును ఎక్కువగా పేనుబంక తెస్తుంది. రెండింటికీ తేడా ఉంది. తెల్లదోమ ఒకసారి వైరస్‌ను ఎక్కించుకుంటే చాలాకాలం మోస్తుంది, కానీ ఎక్కించుకోవడానికీ దించడానికీ దానికి కొంతసేపు పడుతుంది. కాబట్టి దోమను తగ్గిస్తే జబ్బూ కొంత తగ్గుతుంది. పేనుబంక మూతి మీద వైరస్ కొద్దిసేపే ఉంటుంది, అయితే ఆకు మీద వాలి ఒక్కసారి పొడిచి చూసేలోపే అంటిస్తుంది. మందు తగిలి చచ్చేలోపే దాని పని అయిపోతుంది. పేనుబంకకు మందు కొట్టినా వైరస్ ఆగలేదన్న ఫిర్యాదుకు కారణం ఇది.

వైరస్‌కు మందు లేదు, ఏ డబ్బా మీద ఏమని రాసినా. ఒకటి రెండు పాదులకే ఉంటే పీకి దూరంగా పారేయడం మిగతావాటికి మేలు. అప్పటికే పట్టిన కాయలు గడ్డలు కట్టి వికారంగా ఉన్నా తినవచ్చు, మొక్కల వైరస్‌లు మనుషులకు సోకవు.

వైరస్‌ను అచ్చంగా పోలిన ఇంకో లక్షణం ఈ ప్రాంతంలో తరచుగా కనిపిస్తుంది. కొస ఆకులు సన్నబడి, మెలి తిరిగి, ఈనెలన్నీ దగ్గరికొచ్చి పట్టీలా మారతాయి. ఇది 2,4-డి లాంటి గడ్డిమందు గాలికి కొట్టుకొచ్చి తగిలినప్పుడు జరిగేది. సాగర్ ఎడమ కాలువ కింద వరి మడులున్న ఊళ్లలో, జొన్న, మక్క చేన్లున్న చోట పెరడు పొలాన్ని ఆనుకునే ఉంటుంది. గుమ్మడి జాతి, పత్తి, టమాట ఈ మందుకు చాలా సున్నితం. వైరస్ ఒక పాదుతో మొదలై మెల్లగా పక్కదానికి పాకుతుంది. గడ్డిమందు ఒకే వారంలో గుమ్మడినీ, టమాటనూ, చిక్కుడునూ కలిపి మెలితిప్పుతుంది. గడ్డిమందు కొట్టిన పంపును సరిగా కడగకుండా అదే పంపుతో పెరట్లో యాప నూనె కొట్టినా ఫలితం ఇంతే. మోతాదు తక్కువైతే తీగ రెండు మూడు వారాల్లో మామూలు ఆకులు వేస్తుంది. పీకేయాల్సిన పనిలేదు.

వానాకాలం ముదురాకుల మీద ఈనెలు గిరిగీసినట్టు మూలలున్న పసుపు మచ్చలు వస్తే బూజు తెగులు. మంచు తడి ఆరకముందే ఆకు తిప్పితే మచ్చ కింద బూడిద-ఊదా రంగు నూగు కనిపిస్తుంది, ఎండెక్కాక కనిపించకపోవచ్చు. దీనికి ఆకు తడి తప్పనిసరి. సాయంత్రం పైపుతో ఆకుల మీద నీళ్లు కొట్టే అలవాటు మానితే సగం పని అయినట్టే.

పిందె ఎందుకు నిలవడం లేదు

గుమ్మడి పిందెకు వేలు చూపితే కుళ్లిపోతుందని ఊళ్లలో పెద్దలు అంటారు. నిన్న నవనవలాడిన పిందె మూడో నాటికి పసుపెక్కి రాలడం చూసి పుట్టిన మాట అయివుండాలి. అలా రాలడానికి ప్రధానంగా రెండు కారణాలు. వాటిని వేరు చేయడానికి ఒక కత్తి చాలు.

మొదటిది పుప్పొడి అందకపోవడం. గుమ్మడిలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. ముందు కొన్నాళ్లు మగ పువ్వులే పూస్తాయి, అప్పుడు పిందె లేదని కంగారు అనవసరం. ఆడ పువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది కాబట్టి కాయ పట్టిందన్న భ్రమ కలుగుతుంది. పువ్వు తెల్లవారుతూ విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో తేనెటీగ రాకపోతే పిందె పెరగదు. పువ్వు వైపు నుంచి పసుపెక్కి, ముడుచుకుని, నాలుగైదు రోజుల్లో రాలుతుంది. కోసి చూస్తే లోపల పురుగు ఉండదు.

బతుకమ్మ రోజుల్లో ఈ రాలడం ఎక్కువైందని అనిపిస్తే కారణం వెతకడం కష్టం కాదు. పొద్దున్నే విచ్చిన మగ పువ్వులన్నీ బతుకమ్మ పేర్చడానికి కోసేస్తే ఆ రోజు ఆడ పువ్వుకు పుప్పొడి ఎక్కడి నుంచి వస్తుంది? తీగకు రెండు మూడు మగ పువ్వులు వదిలితే చాలు. కోసిన పువ్వుల్లో ఒకదాని రెక్కలు తుంచి, మధ్యలోని పుప్పొడి కాడను విచ్చిన ఆడ పువ్వు లోపల మెల్లగా రాస్తే ఇంకా మంచిది. ఉదయం తొమ్మిదిలోపు చేయాలి. ఆడ పువ్వులు మరీ తక్కువున్న తీగలకు, రెండు నుంచి నాలుగు ఆకుల దశలోనే లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి కొట్టడం తీగజాతి కూరగాయల్లో వాడుకలో ఉన్న పద్ధతి. తీగ పెరిగాక కొడితే ప్రయోజనం ఉండదు.

రెండోది పండు ఈగ. లేత కాయ తోలు కింద సూది లాంటి అవయవంతో గుడ్లు దించుతుంది. ఆ చోట చిన్న చుక్క, దాని మీద జిగురు బొట్టు ఉంటాయి. కాయ అక్కడ లొట్టపడి వంకర తిరుగుతుంది. కోస్తే తెల్లటి పురుగులు కదులుతాయి, ముదిరినవి ఎగిరి దూకుతాయి కూడా. పిందె పుప్పొడి అందక కుళ్లిన తర్వాత చేరే చిన్న ఈగల పురుగులతో దీన్ని పొరపడవచ్చు. కాబట్టి పూర్తిగా కుళ్లినదాన్ని వదిలి, అప్పుడే చుక్క పడిన గట్టి కాయను కోసి చూడాలి.

ఈగను కాయ మీద మందు కొట్టి చంపడం కుదరదు, పురుగు తోలు లోపల ఉంటుంది. పెరిగిన పురుగు మట్టిలోకి దిగి, ఈగగా మారే ముందు కదలకుండా ఉండే కోశస్థ దశకు పోతుంది, వానాకాలం వేడికి కొన్ని వారాల్లోనే కొత్త ఈగ పైకి వస్తుంది. రాలిన పిందెలను పెంటకుప్ప మీద వేస్తే తర్వాతి తరాన్ని మనమే సాకినట్టు. కవరులో కట్టి రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి, లేదా లోతుగా పాతాలి. పుప్పొడి రాసిన మర్నాడే పిందెకు పల్చటి గుడ్డ సంచి తొడిగితే ఈగకు దారి ఉండదు. పెరటికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు. బజారులో దొరికే క్యూ-లూర్ ఎర బుట్టలకు మగ ఈగలే వస్తాయి. అప్పటికే జతకట్టిన ఆడ ఈగ పక్కింటి నుంచి వచ్చి గుడ్లు పెడుతుంది. ఒక్క పెరట్లో ఒక్క బుట్ట వేలాడదీసి ఫలితం లేదనుకోవడం కంటే, వాడలో నలుగురూ కలిసి పెట్టడం నయం.

పిందె దశ దాటిన కాయ అడుగున నల్లగా మెత్తబడితే, బెట్ట తర్వాత ఒక్కసారిగా పగిలితే, అది నీళ్ల హెచ్చుతగ్గుల ఫలితం. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి తడి ఒకేలా ఉంచడమే మార్గం.

ఆకు తినేవి

వీటిని గుర్తించడం సులువు, పురుగు ఎదుటే ఉంటుంది. నారింజ-ఎరుపు రంగు పెంకు పురుగు మొలక ఆకులను తూట్లు చేస్తుంది. నాలుగైదు ఆకులు దాటిన తీగ దీన్ని తట్టుకుంటుంది, ప్రమాదమంతా మొలక దశలోనే. చల్లటి పొద్దున మందకొడిగా ఉంటుంది కాబట్టి చేతితో ఏరి సబ్బు నీళ్లలో వేయవచ్చు. పెంకు పురుగు ఆకు మీద, దాని పిల్ల వేళ్లలో ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. ఆషాఢంలో ఏరకుండా వదిలిన పురుగుకు, శ్రావణంలో వాలిన తీగకు సంబంధం ఉండవచ్చు.

అక్షింతల పురుగుల్లో రెండు రకాలు. నున్నగా మెరిసేవి పేనుబంకను తింటాయి, వాటిని వదిలేయాలి. మెరుపు లేకుండా సన్నటి నూగుతో, ఒంటి నిండా నల్లచుక్కలతో ఉండేవి ఆకును జల్లెడ చేస్తాయి. ఆకు మీద పాము పాకినట్టు తెల్లటి గీతలు పోయేది ఆకుతొలిచే పురుగు వల్ల, చూడటానికి భయంగా ఉన్నా పెద్ద తీగకు నష్టం తక్కువ.

మందు కలిపే నీళ్ల సంగతి

యాప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టడం అందరికీ తెలిసిన పద్ధతే. పేనుబంక, తెల్లదోమ మీద పనిచేస్తుంది. నులిపురుగుకు, ఎండు తెగులుకు, పుప్పొడి అందని పిందెకు చేసేదేమీ ఉండదు. పనిచేయాల్సిన చోట కూడా చేయలేదంటే నీళ్లను అనుమానించాలి. నల్గొండ నీళ్లంటే ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. పిచికారీకి అడ్డొచ్చేది మాత్రం చాలా బోర్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఈ గట్టి నీటిలో సబ్బు నురగ రాదు, తెట్టులా విరిగిపోతుంది. సబ్బు విరిగితే నూనె నీటిలో కలవదు. నూనె పైన తేలి, పంపు చివర్లో ఒక్కసారిగా చిక్కగా వచ్చి ఆకును మాడుస్తుంది. పట్టి ఉంచిన వాన నీళ్లలోనో, నురగ బాగా వచ్చే నీళ్లలోనో కలిపితే ఈ తంటా ఉండదు.

బూడిద తెగులుకు గంధకం మంచి మందే. మామిడి మీద, మిరప మీద వాడుతుంటారు. గుమ్మడి లాంటి పాదుల మీద, అందులోనూ ఎండ పూట, గంధకం ఆకులను మాడుస్తుంది. మిరప తోటకు తెచ్చి మిగిలిన డబ్బా పెరట్లో వాడే అలవాటు ఉన్నచోట ఇది గుర్తుంచుకోవాలి. ఏ మందైనా పొద్దున పూత మీద కొడితే తేనెటీగలు చస్తాయి, ఆ తర్వాత రాలే పిందెలకు ఇంకో జబ్బు పేరు పెట్టుకోవాల్సి వస్తుంది.

చూపించుకోవడానికి వెళ్తే

ఇంత చూశాక కూడా తేలకపోతే నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం, వనపర్తి జిల్లా మదనాపురం, నల్గొండ జిల్లా కంపాసాగర్, సూర్యాపేట జిల్లా గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. రైతు వేదికల్లో వ్యవసాయ విస్తరణ అధికారులను కూడా అడగవచ్చు. ఒక్క ఆకు తుంచి పట్టుకెళ్తే ఫోటో పంపినదానికీ దానికీ తేడా ఉండదు. వాడుతూ ఉన్న తీగను, పూర్తిగా చచ్చింది కాకుండా, వేళ్లతో తవ్వి మట్టి దులిపి తీసుకెళ్లాలి. ఒక ముదురాకు, ఒక కొస, చుక్క పడిన ఒక పిందె విడివిడిగా పాత పేపర్లో చుట్టాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే చెమర్చి కుళ్లుతాయి, అసలు తెగులు మీద కొత్త బూజు పెరుగుతుంది. వారం పది రోజుల్లో ఏ ఎరువు వేశారు, ఏ మందు కొట్టారు, పక్క పొలంలో ఎవరైనా గడ్డిమందు కొట్టారా అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లాలి, అక్కడివాళ్లు మొదట అడిగేవి కూడా అవే.